రిసెప్షన్ ఖర్చు మెనూ దగ్గర తగ్గదు

పేరు, ఊరు రాయవద్దన్న ఒక పాఠకురాలు పంపిన పెద్ద ఉత్తరంలోని ముఖ్య విషయాలు ఇవి.

ఆమెకు 28 ఏళ్లు. ఉద్యోగం చేస్తున్నారు. నాలుగు నెలల్లో పెళ్లి. పెళ్లి దగ్గరివాళ్ల మధ్య చిన్నగా చేసుకోవాలని రెండు కుటుంబాలూ ముందే అనుకున్నాయి. చిక్కంతా రిసెప్షన్‌తోనే. రెండు వైపులా కలిపి మొదట 400 మంది అనుకున్నది ఇప్పుడు 640కి చేరింది. తండ్రికి నచ్చిన హాల్లో 800 మంది పడతారు. అక్కడ భోజనాలు హాలు వాళ్ల కేటరరే పెట్టాలి, బయటివాళ్లను రానివ్వరు. ఎంతమంది వచ్చినా కనీసం 500 ప్లేట్లకు డబ్బు కట్టాలి. అడిగింది ఆదివారం సాయంత్రం. అన్నీ కలిపితే ఇంట్లో అనుకున్నదానికి ఒకటిన్నర రెట్లు తేలింది. ఆ తేడా కోసం, రిటైరయ్యాక ఇల్లు గడవడానికి దాచుకున్న డిపాజిట్ తెంచుతానని తండ్రి అంటున్నారు. వచ్చే శనివారంలోగా సగం అడ్వాన్సు కట్టాలి.

ఆమె, అన్నయ్య రోజూ రాత్రి కూర్చుని మెనూ కోస్తున్నారు. "రెండు స్వీట్లలో ఒకటి తీసేశాం. వెల్‌కమ్ డ్రింక్ వద్దన్నాం. ఒక స్టాల్ తగ్గించాం. ఇంత గొడవపడినా మొత్తంలో నాలుగు శాతం కూడా తగ్గలేదు. అమ్మేమో తిండి దగ్గర పరువు తీయకండి అని కళ్లనీళ్లు పెట్టుకుంటోంది" అని రాశారు. పెళ్లికొడుకు మాత్రం అసలు భోజనాలే వద్దు, సాయంత్రం టీ, చిరుతిళ్లతో చేద్దామంటున్నారట. పిన్నిగారు, కేటరర్ లేని ఖాళీ హాలు తీసుకుని సొంతంగా వంటవాళ్లను పెట్టుకుందామంటున్నారట. ఆమె అడిగిన ప్రశ్నలు రెండు: ఇంకా ఏం తగ్గిస్తే వచ్చినవాళ్లకు తెలియకుండా ఉంటుంది? డిపాజిట్ తెంచవద్దని, నాన్న చిన్నబుచ్చుకోకుండా, ఎలా చెప్పాలి? ఉత్తరం కింద తాజా కలం కూడా ఉంది. ఫోటోగ్రాఫర్లు, డ్రైవర్ల భోజనాలు కూడా మన లెక్కలోకే వస్తాయా అని.

మీ ఉత్తరంలో సగానికి పైగా మెనూ గురించే ఉంది. 400 కాస్తా 640 ఎలా అయిందన్నది మాత్రం ఒక్క వాక్యంలో తేల్చేశారు. మీ ఖర్చు పెరిగింది ఆ వాక్యం దగ్గరే. రాత్రిళ్లు కూర్చుని కొట్టేస్తున్నా లెక్క కదలడం లేదంటే అది మీ చేతకానితనం కాదు. అక్కడ తగ్గేది నిజంగానే కొంచెం.

ప్లేటు రేటులో సరుకుల ఖరీదు ఒక్కటే ఉండదు. వండేవాళ్ల కూలి, వడ్డించేవాళ్ల కూలి, గ్యాస్, పాత్రలు, వ్యాను, టేబుళ్లు, వాటి మీద గుడ్డలు, కేటరర్ లాభం అన్నీ అందులోనే. ఒక స్వీటు తీసేస్తే వీటిలో ఏదీ తగ్గదు. పైగా ఐటమ్ తగ్గినంత మాత్రాన వచ్చినవాళ్ల ఆకలి తగ్గదు కదా, పక్కనున్నది ఇంకో గరిటె వేసుకుంటారు. కేటరర్‌కు ఆ సంగతి బాగా తెలుసు. అందుకే మీరు మూడు కొట్టేస్తే ఆయన ఏదో కాస్త తగ్గించి ఊరుకున్నాడు. అదే ఒక మనిషి తగ్గితే ఒక ప్లేటు పూర్తిగా తగ్గుతుంది. వంద మంది తగ్గితే ఒక వడ్డన వరస, దాని వెనకాల నిలబడే మనుషులు తగ్గుతారు. రెండు వందలు తగ్గితే ఇంకా చిన్న హాలు సరిపోతుంది. అప్పుడు అద్దె, డెకరేషన్, లైట్లు, ఏసీ, కరెంటు బిల్లు అన్నీ దిగుతాయి. అతిథికి కనిపించకుండా ఏం తగ్గించాలని అడిగారు. పళ్లెంలో తగ్గించింది ప్రతివాళ్లకూ కనిపిస్తుంది. మీరు వదులుకున్న హాలు ఎంత పెద్దదో, అక్కడ ఇంకెంతమంది ఉండాల్సిందో ఎవరికీ కనిపించదు.

మీ విషయంలో ఇంకో మెలిక ఉంది. 500 ప్లేట్ల మినిమం గ్యారంటీ ఉన్న హాలుకు అడ్వాన్సు కట్టేశాక, మీరు ఎంత కష్టపడి జాబితాను 400కి దించినా 500కే కట్టాలి. అంటే ఆ తర్వాత తగ్గించిన ప్రతి పేరూ ఉత్త మాటపట్టింపే, డబ్బు మాత్రం మిగలదు. మీ ఇంట్లో ముందు హాలు నచ్చింది, తర్వాత జనం పెరిగారు, ఆ తర్వాత డబ్బు లెక్క చూశారు. ఇప్పుడు ఆఖర్న మెనూ మీద పడ్డారు. దీన్ని తిరగేయాలి. ముందు ఎంత పెట్టగలమో ఒక అంకె, దాన్నిబట్టి ఎంతమంది, ఆ మందిని బట్టి హాలు. మెనూ అన్నిటికంటే ఆఖరు.

హాళ్లను పోల్చేటప్పుడు ప్లేటు రేటు చూసి మోసపోకండి. డబ్బు ఏదైనా కానీ, లెక్క కోసం ఒక హాల్లో ప్లేటు 100 అనుకుందాం, కనీసం 500 ప్లేట్లు. ఇంకో హాల్లో ప్లేటు 115, కనీసం 350. వినగానే మొదటిదే చవక అనిపిస్తుంది. 350 మంది వస్తే మొదటి హాల్లో 50,000, రెండో హాల్లో 40,250. 420 మంది వచ్చినా రెండోది 48,300 దగ్గరే ఆగుతుంది. 435 మంది వస్తేనే రెండోది మొదటిదాన్ని దాటుతుంది. మీ ఇంటి పెద్దలకు ఇది నోటితో చెప్పకండి. కాగితం మీద రెండు గడులు గీసి చూపించండి. ఏ హాలు నచ్చిందన్న వాదన దానంతటదే ఆగిపోతుంది.

ఇక ఆ 640 సంగతి. అది మనుషుల లెక్కా, కార్డుల లెక్కను నాలుగుతో హెచ్చవేసి వచ్చిందా? చాలా ఇళ్లలో ఇదే జరుగుతుంది. పేరు రాసి, పక్కన 4 అని వేసి, కూడేస్తారు. పిల్లలు వేరే ఊళ్లలో చదువుకుంటున్న దంపతులకూ నాలుగే, ఒంటరిగా ఉండే పెద్దాయనకూ నాలుగే. జాబితా మళ్లీ రాయండి. పేరు పక్కన నిజంగా ఎంతమంది రాగలరు, వాళ్లకు ఫోన్ చేసి కనుక్కునే బాధ్యత ఎవరిది అనే రెండు గడులు పెట్టండి. ఈ రెండో గడి చాలా ముఖ్యం. ఎవరి పేరూ రాయని చోట ఎవరూ ఫోన్ చేయరు, ఆ నలుగురూ వస్తారో రారో తెలియకుండానే నాలుగు ప్లేట్లు పడతాయి.

అలా రాస్తున్నప్పుడే జాబితాలో మనుషులు మూడు రకాలుగా కనిపిస్తారు. వీళ్లు లేకుండా మనకు ఆ రోజు లేదు అనిపించేవాళ్లు. పిలవకపోతే మనసు కష్టపెట్టుకునేవాళ్లు. వాళ్లు మనల్ని పిలిచారు కాబట్టి మనమూ పిలవాలి అనుకునేవాళ్లు. మొదటి రెండు రకాల జోలికి వెళ్లకండి. 400ని 640 చేసింది చాలావరకు ఆ మూడో రకమే అయివుంటుంది. వాళ్లలో ఎంతోమంది రావాల్సి వచ్చింది కాబట్టి వస్తారు, స్టేజీ ఎక్కి ఒక ఫోటో దిగి, తిని వెళ్తారు. పిలవకపోతే బాధపడరని అనను. కానీ మనుషులకు కష్టం కలిగేది పిలవనందుకు కంటే, తమలాంటి వాళ్లనే పిలిచి తమను వదిలేసినందుకు. ఆఫీసులో మీ టీమ్ వరకే అనుకుంటే టీమ్ వరకే. పక్క టీమ్‌లో ఒక్కరిని పిలిచారంటే మిగిలిన ఇరవై మందికీ సమాధానం చెప్పుకోవాలి. ఏ గీత గీసినా ఫర్వాలేదు, దాన్ని మధ్యలో వంకర చేయకండి. గీత అవతల ఉన్నవాళ్లలో దగ్గరివాళ్లకు ముందే ఫోన్ చేసి, "చిన్నగా చేసుకుంటున్నామండీ, తర్వాత ఒకరోజు ఇంటికి రావాలి" అని మీరే చెప్పండి. ఇంకొకరి నోట వింటే అది వేరే కథ అవుతుంది.

అవతలి కుటుంబంతో మాట్లాడేటప్పుడు పేర్ల జోలికి వెళ్లకండి. "మీ చిన్నాన్నగారి స్నేహితులు అవసరమా" అన్నారంటే ఆ మాట ఇరవై ఏళ్లు మిగిలిపోతుంది. మాట్లాడాల్సింది అంకె. మీ వైపు 200, మా వైపు 200, ఆ 200లో ఎవరుండాలో ఎవరి ఇష్టం వాళ్లది. దాటినవాళ్ల ఖర్చు దాటించినవాళ్లది. ఈ మాట మీరు చెబితే ఒకలా ఉంటుంది, మీరు పెళ్లి చేసుకోబోయే ఆయన వాళ్లింట్లో చెబితే ఇంకోలా ఉంటుంది. ఆయనే చెప్పాలి. అసలు రిసెప్షన్ ఖర్చు రెండు వైపులా పంచుకుంటున్నారా లేదా అన్నది మీరు రాయలేదు. "మీరు ఎలా చేస్తే అలాగే" అని వాళ్లింటివాళ్లు అన్నారని మాత్రం రాశారు. ఆ మాట మర్యాదకు బాగానే ఉంటుంది, ఖర్చు ఎవరిదో మాత్రం చెప్పదు. ముందుగా తేల్చుకోవాల్సింది అదే.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం.

మొదటిది నాన్నగారికి నచ్చిన హాల్లోనే చేయడం. అందులో తప్పేం లేదు, ఆదివారం సాయంత్రాన్ని పట్టుకుని వేలాడకపోతే. పెళ్లిళ్ల సీజన్‌లో వారాంతపు సాయంత్రాలకు హాలు వాళ్లు బతిమాలాల్సిన పని లేదు, అడిగేవాళ్లు పదిమంది ఉంటారు. అదే హాలు మంగళవారమో బుధవారమో ఖాళీగా పడి ఉంటుంది. ఆ రోజుకు అడిగితే మేనేజర్ మాట మారుతుంది. అప్పుడు కూడా ప్లేటు రేటు తగ్గించమని పట్టుబట్టకండి. రేటు తగ్గించడానికి వాళ్లు జంకుతారు, తగ్గించినా ఆ తగ్గింపు మీ పళ్లెంలోనే చూపిస్తారు. మినిమం గ్యారంటీని 500 నుంచి 350కి దించమనండి. ఖాళీగా ఉండే రోజుకు అది వాళ్లకు తేలిక, మీకు లాభం పెద్దది. నష్టం కూడా చెబుతాను. పనిరోజు అయితే దూరం నుంచి వచ్చేవాళ్లు తగ్గుతారు, ఉద్యోగస్తులు ఆలస్యంగా వస్తారు. మీ వైపు ముఖ్యమైనవాళ్లలో ఎక్కువమంది దూరాన ఉన్నవాళ్లయితే ఈ దారి వద్దు. ఇంకోటి, 800 మంది పట్టే హాల్లో 350 మంది కూర్చుంటే వెలితిగా కనిపిస్తుంది. ఆ వెలితి కప్పడానికి మళ్లీ డెకరేషన్‌కు పెడతారు. సగం హాలు తెర కట్టి వాడుకోవచ్చేమో, దానికి అద్దె తగ్గుతుందేమో అడగండి.

రెండోది చిన్న హాలు. 300 మందికి హాలు వెతికేటప్పుడు, 300 మంది ఒకేసారి కూర్చునే హాలు కావాలనుకోకండి. రిసెప్షన్‌కు జనం వస్తూ పోతూ ఉంటారు. మూడు గంటల కార్యక్రమంలో అందరూ ఒక్క నిమిషంలో ఉండరు. హాలు వాళ్లను రెండు అంకెలు వేరువేరుగా అడగండి: కుర్చీలు ఎన్ని పడతాయి, భోజనాల దగ్గర ఒకేసారి ఎంతమంది పడతారు. ఇబ్బంది సాధారణంగా రెండోదాని దగ్గరే వస్తుంది. వెళ్లి చూసినప్పుడు భోజనాల గదిలో నిలబడి, బయటికి దారులు ఎన్ని ఉన్నాయో, అవి తాళాలు వేసి ఉన్నాయో తెరిచి ఉన్నాయో చూడండి. ఇది ఖర్చు విషయం కాదని తెలుసు, అయినా చూడండి.

మూడోది, పెళ్లికొడుకు చెప్పిన టీ, చిరుతిళ్ల పద్ధతి. మీ అమ్మగారు ఉలిక్కిపడ్డారని రాశారు. నాకు మాత్రం ఆ ఆలోచనలో చాలా బలం కనిపిస్తోంది. ఎవరినీ జాబితాలోంచి తీసేయకుండా, వంట బరువు ఇంటివాళ్ల మీద పడకుండా ఖర్చు తగ్గించే దారి ఇది. అమెరికాలో పెళ్లయిన 3,000 మందికి పైగా మనుషుల్ని అడిగి ఎమరీ యూనివర్సిటీ ఆర్థికవేత్తలు ఆండ్రూ ఫ్రాన్సిస్, హ్యూగో మియలాన్ 2015లో ఒక అధ్యయనం ప్రచురించారు. పెళ్లికి బాగా ఎక్కువ ఖర్చు పెట్టినవాళ్లలో విడిపోవడం ఎక్కువగానూ, పెళ్లికి ఎక్కువమంది వచ్చినవాళ్లలో తక్కువగానూ కనిపించింది. ఖర్చు వల్లే విడిపోయారని దానర్థం కాదు. కానీ ఖర్చు తగ్గితే ఏదో లోటు జరుగుతుందన్న అమ్మగారి బెంగకు అక్కడ ఆధారం దొరకలేదు. జనాన్ని వదులుకోలేం, డబ్బు లేదు అనే ఇంటికి ఈ దారి సరిగ్గా సరిపోతుంది.

అయితే ఇది గడియారం మీద నడిచే పని. సాయంత్రం నాలుగు నుంచి ఆరు అని కార్డులో మొదలూ చివరా రెండూ వేయాలి, అల్పాహారం అన్న మాట స్పష్టంగా ఉండాలి. ఏడు గంటలకు రమ్మని టీ ఇచ్చారంటే, ఆకలితో వచ్చినవాళ్లు ఆకలితోనే వెళ్తారు. అప్పుడు అమ్మగారి భయమే నిజమవుతుంది. దూరం నుంచి వచ్చినవాళ్లు, వయసు మీద పడినవాళ్లు, ఇంటి మనుషులు కలిపి ఒక యాభై అరవై మందికి రాత్రి భోజనం విడిగా ఏర్పాటు చేసుకోవాల్సి వస్తుంది, ఆ ఖర్చూ ముందే వేసుకోండి. హాలు వాళ్లకు మధ్యాహ్నం, రాత్రి అని రెండు బేరాలు ఉంటాయి. మీ నాలుగు నుంచి ఆరు ఆ రెండింటి మధ్య పడి రెండూ చెడగొడుతుందని రెండింటి అద్దె అడిగే వీలుంది. అది ముందే కనుక్కోండి, లేకపోతే తిండి దగ్గర మిగిలింది అద్దె దగ్గర పోతుంది.

నాలుగోది పిన్నిగారి మాట. ఖాళీ హాలు, సొంత వంటవాళ్లు. అంకెల్లో చూస్తే ఇదే అన్నిటికంటే చవకగా కనిపిస్తుంది. ఎందుకంటే కేటరర్ మోసే బరువంతా లెక్కలోకి రాకుండా మీ ఇంటివాళ్ల భుజాల మీదికి వస్తుంది. సరుకులు కొనేదెవరు? పాత్రలు అద్దెకు తెచ్చి, లెక్క చూసి తిరిగి ఇచ్చేదెవరు? గ్యాస్ బండ మధ్యలో అయిపోతే? వంటవాళ్లు వండుతారు, వడ్డించేవాళ్లు వేరే, ఎంగిలి ప్లేట్లు తీసేవాళ్లు వేరే, రాత్రి పదకొండుకు నేల కడిగేవాళ్లు వేరే. వీటన్నిటికీ మీ అన్నయ్య నిలబడితే ఆయన తన చెల్లెలి రిసెప్షన్ చూడడు. ఇంట్లో ఇలాంటి పనులు చేయించిన అనుభవం ఉన్న మనిషి ఒకరు, ఆ రోజు వేరే పనేమీ పెట్టుకోకుండా ఉంటానంటేనే ఇటు వెళ్లండి.

వెళ్తే తిండి భద్రత సంగతి కూడా మీదే. వండినది మామూలు గాలిలో రెండు గంటలకు మించి ఉంచకూడదని, వేడిగా పెట్టేది వడ్డించేదాకా 60 డిగ్రీల సెల్సియస్ పైన, చల్లగా ఉంచేది 5 డిగ్రీల లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. వందలమందికి వండేటప్పుడు ఈ రెండు గంటలు ఇట్టే గడిచిపోతాయి. మధ్యాహ్నమే వండేసి సాయంత్రం దాకా మూతలు పెట్టి ఉంచితే మిగిల్చిన డబ్బు ఆసుపత్రికి పోతుంది. ఒకేసారి వండకుండా రెండు మూడు విడతలుగా వండేలా, కింద మంట ఉండే పాత్రల్లో వడ్డించేలా ముందే మాట్లాడుకోవాలి.

నన్నడిగితే, రెండో దారిలో 350 నుంచి 400 మందితో చేయడానికే నా మొగ్గు. జాబితా ఒక్కటి కూడా తగ్గదు అని రెండు ఇళ్లూ భీష్మించుకుంటే మూడోది. మీ ఇంటి మనుషుల ఓపిక, మీ చుట్టాలు ఎక్కడెక్కడున్నారు అన్నది నాకు తెలియదు కాబట్టి తీర్పు మీదే.

ఏ హాలు అయినా కొటేషన్ చేతికి వచ్చాక దాన్ని పక్కన పెట్టేసి, మీరు అడిగినవాటికి వాళ్ల చేత రాయించుకోండి. పన్నులు ఈ రేటులో కలిసి ఉన్నాయా, పైన పడతాయా? కరెంటు మీటరు ప్రకారమా, జనరేటర్ డీజిల్ ఎవరిది? క్లీనింగ్ చార్జీలు వేరా? హాలు ఎన్ని గంటలకు మన చేతికి వస్తుంది, డెకరేషన్ వాళ్లు సర్దుకునే సమయం ఆ గంటల్లోనే పడుతుందా? దాటితే గంటకు ఎంత? ఈ ఆఖరి ప్రశ్న మీద చాలామందికి బిల్లు పేలుతుంది. పదింటికి హాలు ఖాళీ చేయాలి, ఫోటోలు అయ్యేసరికి పదకొండవుతుంది. దగ్గరివాళ్లతో దిగాల్సిన ఫోటోలు అతిథులు రాకముందే దిగేయండి. స్టేజీ మీద వరస తొందరగా కదులుతుంది, జనం తొందరగా భోజనాలకు వెళ్తారు, హాలు వేళకు ఖాళీ అవుతుంది.

ప్లేట్ల సంఖ్య ఎన్ని రోజుల ముందు ఖాయం చేయాలో అడగండి. సాధారణంగా ఆ తర్వాత పెంచుకోవచ్చు కానీ తగ్గించడానికి ఒప్పుకోరు. కాబట్టి 400 మంది వస్తారనిపిస్తే 360 చెప్పి, ఇంకో 40 వరకు వస్తే అదే రేటుకు పెట్టేలా రాయించుకోండి. రాయించుకోకుండా తక్కువ చెప్పడం మాత్రం ప్రమాదం, ఆఖరి గంటలో వంట అయిపోతుంది. ఆ రోజు ప్లేట్లు లెక్కపెట్టే పని ఇంటి మనిషి ఒకరికి అప్పగించండి. మొదలయ్యే ముందు దొంతరలో ఎన్ని ఉన్నాయి, అయ్యాక వాడనివి ఎన్ని మిగిలాయి, మధ్యలో ఎన్ని తెచ్చి కలిపారు, అంతే. కేటరర్ మనిషి పక్కనే నిలబడి లెక్కపెట్టి ఇద్దరూ ఒకే కాగితం మీద సంతకం చేస్తే అర్ధరాత్రి బిల్లు దగ్గర గొడవ ఉండదు.

మెనూ విషయంలో అమ్మగారు సగం సరిగ్గానే చెప్పారు. తిండి దగ్గర పిసినారితనం కనిపించకూడదు. కానీ ఐటమ్స్ ఎన్ని ఉన్నాయన్నది వేరు, తిండి బాగుందా లేదా అన్నది వేరు. ఇరవై రకాలు పెడితే ప్రతి మనిషీ ప్రతిదీ కొంచెం వేసుకుంటాడు, సగం ప్లేటులో వదిలేస్తాడు. ప్రతి రకమూ దాదాపు అందరికీ సరిపడా వండాలి కాబట్టి మిగిలేదీ ఎక్కువే. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024 నివేదిక ప్రకారం 2022లో ప్రపంచంలో వృథా అయిన తిండిలో 28 శాతం హోటళ్లు, కేటరింగ్ లాంటి చోట్ల పోయిందే. పది రకాలు వేడివేడిగా, బాగా వండి, అడిగినప్పుడల్లా వడ్డిస్తే ఎవరూ లెక్కపెట్టరు. మీరు తీసేసిన రెండో స్వీటు అమ్మగారి కోసం తిరిగి పెట్టేయండి, దాని ఖర్చు ఎంతో మీకే తెలుసు. దానికి బదులు స్టాళ్లు ఇంకోటి తీసేయండి. స్టాల్ అంటే ఒక ఐటమ్, దానికి ఇద్దరు మనుషులు, ఒక పొయ్యి, ముందు ఒక పెద్ద వరస. ఖరీదైన ఐటమ్ దగ్గర గరిటె అతిథి చేతికి ఇవ్వకుండా వడ్డించే మనిషిని నిలబెట్టండి. అడిగితే మళ్లీ వేయమనండి. ఎవరికీ లోటనిపించదు, గిన్నె మాత్రం ఎక్కువసేపు నిలుస్తుంది.

నీళ్ల సీసాల గురించి ఎవరూ ఆలోచించరు. ఏ రిసెప్షన్ అయినా ముగిశాక కుర్చీల కింద చూడండి, రెండు గుక్కలు తాగి వదిలేసిన సీసాలు వరసగా ఉంటాయి. మళ్లీ దాహం వేస్తే తనది ఏదో గుర్తులేక ఇంకోటి తీసుకుంటారు. పెద్ద క్యాన్లు, గ్లాసులు, నింపే మనిషి ఒకరు ఉంటే ఆ ఖర్చు బాగా దిగుతుంది. సీసాలే కావాలంటే దొరికేవాటిలో అతి చిన్నవి తీసుకోండి.

నాన్నగారి విషయానికి వస్తాను. "నాన్నా, ఇంత ఖర్చెందుకు" అని మొదలుపెడితే ఆయన "నీ పెళ్లికి కాకపోతే ఎప్పుడు పెడతాను" అంటారు. ఆ మాటకు మీ దగ్గర సమాధానం ఉండదు, ఎందుకంటే అది ప్రేమ. డిపాజిట్ తెంచుతాననడంలో కూడా ఉన్నది అదే. కాబట్టి వద్దు అన్న మాటతో వెళ్లకండి, కాగితంతో వెళ్లండి. కొత్త జాబితా, రెండు మూడు హాళ్ల మొత్తాలు, ఇంట్లో ముందు అనుకున్న అంకె. అన్నయ్యను పక్కన కూర్చోబెట్టుకోండి కానీ మాట మీరే మాట్లాడండి. "నాన్నా, మీ డిపాజిట్ కదిలితే నాకు ఆ రోజు స్టేజీ మీద నవ్వు రాదు. మీరు అనుకున్న అంకెలోనే బాగా చేద్దాం. అందులో ఏది తప్పకుండా ఉండాలో మీరే చెప్పండి." ఈ ఆఖరి వాక్యం మరిచిపోవద్దు. ఆయనకు ఏదో ఒకటి చాలా ముఖ్యమై ఉంటుంది. తనతో ఉద్యోగం చేసినవాళ్లంతా రావడం కావచ్చు, ఆ హాలే కావచ్చు. అదేమిటో తెలిస్తే దాన్ని ఉంచి మిగతావి తగ్గించవచ్చు. మీరు ఇప్పటిదాకా ఆయన్ను అది అడిగినట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు.

ఆయన చిన్నబుచ్చుకోవచ్చు. ఒకటి రెండు రోజులు మాట్లాడకపోవచ్చు కూడా. ఆ రెండు రోజుల మౌనం మీరు భరించగలరు. రిటైరైన మనిషి నెలనెలా డబ్బు చాలక మీకు చెప్పుకోలేక ఇబ్బంది పడటం ఏళ్ల తరబడి సాగే బాధ. మీరూ మీకు కాబోయే ఆయనా ఇంటి కోసం దాచుకున్నదాంట్లోంచి కొంత ఇద్దామనుకుంటున్నామని రాశారు. ఇవ్వండి, తప్పులేదు. కానీ జాబితా తగ్గాక ఇవ్వండి. ముందే ఇస్తే ఆ డబ్బు చూసుకుని జాబితా ఇంకా పెరుగుతుంది.

శనివారం గురించి ఎక్కువ టెన్షన్ పడకండి. హాలు మేనేజర్‌కు ఈరోజే ఫోన్ చేసి, తేదీ పట్టి ఉంచడానికి తిరిగి వచ్చే చిన్న మొత్తం ఏదైనా కట్టవచ్చా, ఇంకో వారం గడువు ఇస్తారా అని అడగండి. కాదంటే ఆ హాలు పోతుంది, ఇంకోటి దొరుకుతుంది. సగం అడ్వాన్సు ఇప్పుడే కట్టాలని నాన్నగారు పట్టుబడితే, కట్టే ముందు మూడు విషయాలు రాతపూర్వకంగా తీసుకోండి. తేదీ మార్చుకుంటే అడ్వాన్సు కొత్త తేదీకి వస్తుందా, రద్దు చేసుకుంటే ఎన్ని రోజుల ముందైతే ఎంత తిరిగి ఇస్తారు, ఈ నాలుగు నెలల్లో రేటు పెంచే హక్కు వాళ్లకు ఉందా. నోటిమాటగా "మనవాళ్లే కదండీ, చూసుకుందాం" అంటే ఒప్పుకోకండి. అలా అన్న మేనేజర్ నాలుగు నెలల తర్వాత అక్కడ ఉద్యోగంలో ఉంటాడో లేదో.

తాజా కలంలో అడిగినదానికి సమాధానం అవును. ఫోటోగ్రాఫర్లు, వీడియో వాళ్లు, డెకరేషన్ వాళ్లు, సంగీతం వాళ్లు, డ్రైవర్లు కలిపితే ఇట్టే ఇరవై ముప్ఫై మంది తేలతారు, వాళ్లంతా మీ ప్లేట్ల లెక్కలోకే వస్తారు. వాళ్లకు విడిగా, సాదా భోజనం తక్కువ రేటుకు ఇస్తారా అని కేటరర్‌ను అడగండి, చాలామంది ఇస్తారు. చిన్నపిల్లల ప్లేటు రేటు కూడా అప్పుడే అడిగేయండి, ఏ వయసు దాకా అన్నది రాయించుకోండి. పనివాళ్ల భోజనం మాత్రం అందరూ తిన్నాక కాకుండా, కార్యక్రమం మొదలయ్యే ముందే పెట్టించండి. కెమెరా పట్టుకుని మూడు గంటలు నిలబడే మనిషి ఖాళీ కడుపుతో ఉండకూడదు.